పళ్లు పట్టని తాడు

తీర్పు రేవు మెట్ల మీదే వెలువడింది. విచారణ మాత్రం ఎవరూ జరపలేదు.

ఆ రోజు తెరచాప పడవ ఒడ్డుకు చేరగానే, రేవులో అందరూ కెప్టెన్ అని పిలిచే పెద్దమనిషి విరిగిన భుజాన్ని రెండో చేత్తో అదిమి పట్టుకొని మెట్ల మీద కూలబడ్డాడు. చుట్టూ చేరిన పది మందీ వింటుండగా ఆయన అన్న మాట ఒక్కటే. "తాడు కట్టడం రాని మనిషికి తాడు అప్పగించాను. బుద్ధి లేనిది నాకే."

ఆ మనిషి ఆయన పెద్ద కోడలు. ఆ ఇంట అడుగుపెట్టిన నాటి నుంచి మామగారి పడవలో చుక్కాని పట్టింది, తెరచాప ఎత్తింది, దింపింది. ప్రయాణికులను ఎక్కించుకొని అఖాతం అవతలి ఒడ్డుకు తీసుకువెళ్లి తీసుకురావడమే ఆ కుటుంబపు జీవనం. తెరచాపను పైకి ఎత్తి నిలిపే తాడు కొస తెరచాప స్తంభం మొదట్లో ఉన్న, పట్టకారులాంటి క్లీట్‌లో బిగుస్తుంది. ఆ క్లీట్‌కు రెండు చిన్న దవడలు, వాటికి పళ్లు ఉంటాయి. తాడును వాటి మధ్య నొక్కితే అవి కరిచి పట్టుకోవాలి. ఆ రోజు ఆమె నొక్కింది. గాలి హెచ్చింది. తాడు ఉన్నట్టుండి సర్రున జారింది, తెరచాప కుప్పకూలింది, దాని అడుగున ఉండే ఇనుప దూలం వచ్చి కెప్టెన్ భుజం మీద పడింది.

కట్టిన తాడు ఎలా ఊడుతుందని అందరూ అడిగారు. ఆమె దగ్గర జవాబు లేదు. జవాబు లేదు కాబట్టి ఆమె కట్టలేదని అందరూ తేల్చేశారు. మర్నాటి నుంచి ఆమెను టికెట్ల గదిలో కిటికీ వెనుక కూర్చోబెట్టారు. మరమ్మతు పూర్తి కాగానే తాడు దగ్గర చిన్న కొడుకు నిలబడతాడని కెప్టెన్ ప్రకటించాడు.

అవమానం ఆమెను కాల్చింది, నిజమే. కానీ నిద్ర పట్టనివ్వనిది అవమానం కాదు. తాను కట్టానని ఆమెకు తెలుసు. అందుకే ఆమెకు భయం వేసింది. తప్పు తనది కాకపోతే, ఆ తప్పు ఇంకా పడవలోనే ఉంది. రేపు ఆ దూలం కింద కూర్చునేది ఎవరి బిడ్డో.

కొత్త సామాను కొనడానికి ఇంటిల్లిపాదీ బయలుదేరుతున్నప్పుడు, ఎవరూ పిలవకపోయినా ఆమె చెప్పులు వేసుకొని ముందు నిలబడింది.

"నువ్వెందుకమ్మా? టికెట్ల దగ్గర ఎవరుంటారు?" అన్నాడు కెప్టెన్.

"పడవే తిరగనప్పుడు టికెట్లు ఎవరికి అమ్మాలి మామయ్యా?"

పెద్ద కొడుకు, అంటే ఆమె భర్త, నవ్వబోయి తండ్రి ముఖం చూసి మానుకున్నాడు.

దుకాణం రేవు వెనుక వీధిలో ఉంది. లోపల తాళ్లు పెద్ద పెద్ద చక్రాలకు చుట్టి ఉన్నాయి. గోడ నిండా కొక్కేలు, గొలుసులు, కప్పీలు వేలాడుతున్నాయి. వార్నిష్ వాసన, గ్రీజు వాసన కలగలిసి గొంతుకు పట్టుకుంటాయి. యజమాని పొట్టి మనిషి, మాట కరుకు. ఆయనకు ఒక నియమం ఉంది. క్లీట్ కావాలని వచ్చినవాడు దానిలో బిగించబోయే తాడు ముక్క వెంట తేవాలి. తేకపోతే క్లీట్ అమ్మడు. ఈ నియమం కారణంగా ఆయనకు రేవులో మిత్రులకన్నా తిట్టేవాళ్లే ఎక్కువ.

చిన్న కొడుకు గుడ్డసంచిలోంచి పాత క్లీట్ తీసి బల్ల మీద టక్కున పెట్టాడు.

"అన్నా, ఇదే రకం రెండు. కొత్తవి. తళతళలాడుతుండాలి."

"పెళ్లికొడుక్కి ఉంగరాలా?" అన్నాడు యజమాని తలెత్తకుండానే. "తాడేదీ?"

"పడవలో ఉంది. నాన్నకు దెబ్బ తగలడానికి ముందే మార్చాను. ఎలాంటి తాడనుకున్నావు! చిటికెన వేలంత కూడా ఉండదు, ఏనుగుని కట్టినా తెగదు."

"తెగుతుందా అని అడగలేదు బాబూ. ఏదీ అని అడిగాను."

"ఓ ముక్క కోసం మళ్లీ రేవు దాకా పోవాలా? నీ చాదస్తం నువ్వూనూ."

పెద్ద కోడలు తన చేతిసంచి తెరిచి, చుట్టచుట్టిన సన్నని తెల్లతాడు తీసి క్లీట్ పక్కన పెట్టింది.

మరిది కళ్లు పెద్దవి చేశాడు. "వదినా! కొత్త తాడు కోశావా? నిన్నెవరు కొయ్యమన్నారు?"

"కొసలో మిగిలిపోయిన ముక్కే. ఎందుకూ పనికిరాదని చుట్ట చుట్టి మూల పడేశారు. నా లాగే."

కెప్టెన్ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. చేయి మెడకు కట్టిన గుడ్డలో ఉంది. ఆయన ఆ తాడు వంక చూడలేదు. రంగు డబ్బాల వంక చూశాడు.

"ఈ పాత క్లీట్‌నే ముందు ఒకసారి పరీక్షించండి," అని ఆమె యజమానిని అడిగింది. "ఈ తాడుతోనే. నేను ముట్టుకోను. మా మరిదే నొక్కుతాడు."

"దేనికి?" అన్నాడు చిన్నవాడు.

"అది పట్టుకుంటే తప్పు నాది. నేనే ఒప్పుకుంటాను, ఇక జన్మలో తాడు జోలికి రాను. పట్టుకోకపోతే అలాంటిదే మళ్లీ కొనడం దేనికి?"

"భలే పందెం! కానివ్వు." వాడికి హుషారు వచ్చింది. వదిన కావాలని తాడు వదిలేసిందని వాడు ఎన్నడూ అనుకోలేదు, కట్టడం మరిచిపోయిందని మాత్రం మనస్ఫూర్తిగా నమ్మాడు. నమ్మినవాడి ధీమా అది.

దుకాణం వెనుక దూలానికి ఒక కప్పీ వేలాడుతోంది. దాని కింద ఇసుక నింపిన చెక్కపెట్టె ఉంది. యజమాని పాత క్లీట్‌ను బల్లకు బిగించాడు. తాడును కప్పీ మీదుగా పోనిచ్చి, ఒక కొసకు తుప్పుపట్టిన లంగరు కట్టి పెట్టెకు పైన వేలాడదీశాడు. రెండో కొసను చిన్నవాడు లాగిపట్టి దవడల మధ్య నొక్కి చేయి తీశాడు.

లంగరు కదలలేదు.

అందరూ దాని వంకే చూస్తున్నారు. అది గాలిలో నిమ్మకు నీరెత్తినట్టు వేలాడుతోంది. చిన్నవాడు బల్లను చరిచాడు. లంగరు అప్పుడూ కదలలేదు.

"అయిందా వదినా? కుక్క ఎముకని పట్టినట్టు పట్టింది. ఇక నన్ను ఉంగరాలు కొనుక్కోనిస్తావా?"

ఆమె తన అరచేతులు చూసుకుంది. తాను కట్టలేదా? కట్టాననుకొని కట్టలేదా? మనిషి తన చేతులనే అనుమానించే క్షణం కన్నా ఒంటరి క్షణం ఉండదు. భర్త దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అన్నాడు. "పోనీలే. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. ఒప్పుకుంటే పోలా? ఇంట్లో ప్రశాంతంగా ఉంటుంది."

"ఎవరికి ప్రశాంతం?" అని ఆమె అడిగింది.

ఆమె కళ్లు మూసుకుంది. ఆ రోజు ఉన్నదీ, ఈ గదిలో లేనిదీ ఏమిటి? బరువు ఉంది. తాడు అదే. దవడలు అవే. ఆ రోజు ఒళ్లు చల్లగా ఉంది, చీర అంచు కాళ్లకు అతుక్కుపోయింది. జల్లు పడుతోంది. పడవ మలుపు తిరుగుతుండగా తెరచాప గాలిని వదిలేసి టపటపా కొట్టుకుంది. ఆ కుదుపు తాడు గుండా తన అరచేతిదాకా వచ్చింది.

"నీళ్లున్నాయా?" అని ఆమె యజమానిని అడిగింది. "తాడు తడపాలి. తడిపాక లంగరును కుదపాలి. వానలో, తెరచాప కొట్టుకుంటుండగా జరిగింది ఇది. ఎండలో, గదిలో జరగలేదు."

"ఓడిపోయాక ఆట రూలు మారుస్తున్నావు వదినా!" అన్నాడు మరిది. "ఇదేమైనా సర్కసా?"

"తడపనివ్వు," అన్నాడు కెప్టెన్.

ఆయన గొంతు వింతగా ఉంది. చిన్నవాడు వెనక్కి తిరిగి తండ్రిని చూశాడు, కానీ తండ్రి మళ్లీ రంగు డబ్బాల వైపే తిరిగాడు.

తాడు బకెట్‌లో నానింది. యజమాని దాన్ని మళ్లీ కప్పీ మీదుగా పోనిచ్చాడు. చిన్నవాడు ఈసారి రెండు బొటనవేళ్లతో, పంతం పట్టి, దవడల మధ్య అదిమాడు. యజమాని లంగరును కొద్దిగా ఎత్తి వదిలాడు. తాడు బిగుసుకుంది, నిలిచింది. ఆయన మళ్లీ ఎత్తి వదిలాడు. తాడు బెత్తెడు జారి ఆగింది.

చిన్నవాడు ముందుకు వంగి దవడల్లోకి చూశాడు.

యజమాని మూడోసారి ఎత్తి వదిలాడు. తాడు దవడల మధ్య నుంచి పాములా జారిపోయింది. లంగరు దభీమని పెట్టెలో పడి, ఇసుక ఎగజిమ్మింది. పెద్ద కొడుకు ఉలిక్కిపడి భార్య భుజం పట్టుకున్నాడు. ఆమె ఆ చేతిని మెల్లగా తీసేసింది.

యజమాని వంగి దవడలను వేలితో కదిపి చూశాడు. "ఇవి లావు తాడు కోసం చేసినవి. మీ పాత తాడైతే నిండుగా కరిచేవి. ఈ సన్నదాన్ని పెడితే దవడలు రెండూ ముందే ఒకదాన్నొకటి తగులుతున్నాయి. తాడుకి పళ్ల కొసలే అందుతున్నాయి. పొడిగా ఉన్నంతసేపూ నెట్టుకొస్తుంది." ఆయన లేచి చేతులు తుడుచుకున్నాడు. "నేను సామాను అమ్ముకునేవాణ్ణి. మీ ఇంటి సంగతులు నాకక్కర్లేదు."

చిన్నవాడు తడి తాడు కొసను చేతిలోకి తీసుకున్నాడు. "తాడు బలంగా ఉంటే చాలనుకున్నాను. పట్టుకునేది కూడా మార్చాలని... నాకు తోచనే లేదు." వాడు తండ్రివైపు తిరిగాడు. "నాన్నా, అంటే ఆ రోజు వదిన..."

"కట్టింది," అన్నాడు కెప్టెన్. "చూశాను."

వీధిలో ఏదో బండి హారన్ కొడుతూ పోయింది.

"ఏం చూశారు మామయ్యా?" ఆమె ఒక్కో మాటనూ విడిగా పలికింది.

"నీకెదురుగానే ఉన్నాను కదమ్మా. నువ్వు నొక్కడం చూశాను. చేయి తీశాక ఒకసారి లాగి చూసుకున్నావు. అదీ చూశాను."

"మరి మెట్ల మీద అన్న మాట?"

ఆయన మెడకు కట్టిన గుడ్డను సర్దుకున్నాడు. "వీడు నన్నడక్కుండా ఓ వస్తువు కొనడం అదే మొదటిసారి. తాడు ఊడిందంటే అందరూ వీడి తాడునే అంటారు. వీడు తట్టుకోలేడనిపించింది."

"నేను తట్టుకుంటాననిపించిందా?"

"నువ్వు గట్టిదానివి."

"అందుకని బరువు నా మీద పెట్టారన్నమాట. మీ కూతురైతే పెట్టేవారా?"

పెద్ద కొడుకు తండ్రి ముఖంలోకి సూటిగా చూశాడు. అతను అలా చూడటం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. "నాన్నా, నేను కూడా నమ్మాను కదా," అని మాత్రం అన్నాడు. ఆ మాట తండ్రికి తగిలిందో, అన్నవాడికే తగిలిందో చెప్పడం కష్టం.

ఆమె కళ్లలో నీళ్లు లేవు. బల్ల వైపు తిరిగి, యజమానితో పని మొదలుపెట్టింది. తెరచాపలు ఎత్తే తాళ్లకు ఇక దవడల క్లీట్ వద్దంది, రెండు కొమ్ముల క్లీట్లు అడిగింది. వాటికి పళ్లుండవు, తాడును కొమ్ముల చుట్టూ ఎనిమిది అంకెలా చుట్టి చివరన మెలివేయాలి. ఎంత కుదిపినా ఆ చుట్లు ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి. ఆమె కొమ్ముల అంచుల మీద వేలు పోనిచ్చి, గరుకుగా తగిలిన ఒకదాన్ని పక్కన పెట్టించింది. మరలతో బిగించే రకం కాకుండా, చెక్కలోంచి ఆవలికి దూరి నట్టు పడే బోల్టులు కావాలంది. నట్ల వెనుక వేయడానికి ఉక్కుపలకలు కోయించింది. స్తంభం కొనలోని కప్పీ గాడి కూడా లావు తాడుకు చేసిందే కాబట్టి, సన్నగాడి కప్పీ ఒకటి తీసుకుంది. చిన్నవాడు ఏ మాటా అనకుండా ఒక్కో వస్తువునూ సంచిలో వేశాడు.

గడప దాటుతుండగా కెప్టెన్ ఆమె పక్కకు వచ్చాడు. "రాత్రి భోజనాల దగ్గర అందరికీ చెప్తాను. తప్పు నాదని చెప్తాను."

"మాట అన్నది రేవు మెట్ల మీద మామయ్యా. భోజనాల దగ్గర కాదు."

"నా వయసుకి... ఆ పక్క పడవ సరంగు ముందర..."

"నా వయసుకి కూడా ఆ సరంగు ముందరే జరిగింది."

ఎండ వాలుతుండగా క్లీట్లు బిగించడం పూర్తయింది. రేవులో జనం పనులు ముగించుకుంటున్నారు, మెట్ల మీద పిచ్చాపాటీ నడుస్తోంది. ఇక మిగిలింది స్తంభం కొనలో కప్పీ మార్చడం. ఆ పనికి ఒకరు పైకి వెళ్లాలి. ఇంట్లో తేలికైనవాడు చిన్నవాడే. పడవ ముక్కు వైపు ఉన్న చిన్న తెరచాపకు మాత్రం పాత లావు తాడే ఉంది, దానికి వేరే కప్పీ ఉంది. ఆ తాడు కొసకు ఉయ్యాల పలక కట్టి వాడిని పైకి లాగాలి, పైన పని చేసుకున్నంతసేపూ తాడును కొత్త క్లీట్‌కు కట్టి ఉంచాలి. అన్న లాగుతాడు. కట్టేది ఎవరు?

పెద్ద కోడలు వెళ్లి క్లీట్ దగ్గర నిలబడింది.

పక్క పడవ సరంగు అది చూసి చేతిలోని టీ గ్లాసు దించాడు. "ఇదేంటమ్మా, టికెట్ల ఆవిడ తాడు దగ్గరికొచ్చింది? ఒరే చిన్నోడా, ఇన్సూరెన్స్ చేయించుకున్నావా?"

మెట్ల మీదివాళ్లు గొల్లుమన్నారు. చిన్నవాడు పలకను పట్టుకొని స్తంభం కొనదాకా చూశాడు. పొద్దున దుకాణంలో లంగరు పడిన చప్పుడు వాడి చెవుల్లో ఉంది. అందరూ తననే చూస్తున్నారు.

"అన్నయ్యే లాగి అన్నయ్యే కడతాడు," అని గొణిగాడు.

"లాగుతూ కట్టడానికి నాకేమన్నా నాలుగు చేతులున్నాయా?" అన్నాడు పెద్దవాడు.

"నేను కడతాలే," అని సరంగు లేచాడు.

పెద్ద కోడలు తాడు కొసను సరంగు వైపు చాచింది. "తప్పకుండా కట్టండి. నాకేం అభ్యంతరం లేదు." ఆమె గొంతు పెంచలేదు, కానీ మెట్లన్నిటికీ వినబడింది. "చిన్నా, నీ ప్రాణం ఆయన చేతిలో పెట్టొచ్చు, నా చేతిలో ఎందుకు పెట్టకూడదో ఒక్క మాట చెప్పి ఎక్కు."

వాడు తలదించుకున్నాడు. సరంగు తాడు అందుకోలేదు. గాలి పడవను మెల్లగా ఊపుతోంది, తాళ్లు స్తంభానికి తగిలి టక్కు టక్కుమంటున్నాయి. ఆమె చాచిన చేయి అలాగే ఉంచింది. మామగారి వైపు చూడలేదు.

"సరంగూ, కూర్చో," అన్నాడు కెప్టెన్.

ఆయన మెట్ల మీద లేచి నిలబడ్డాడు. "ఆ రోజు ఇక్కడే ఒక మాటన్నాను. మీరంతా విన్నారు. అది అబద్ధం. తాడు నా కోడలు సరిగ్గానే కట్టింది. క్లీట్ ఆ తాడుకి సరిపోలేదు, అందుకు జారింది. ఆమె కట్టడం నేను కళ్లారా చూశాను."

"చూసి కూడా అన్నావా?" సరంగు నోరు తెరుచుకుని ఉండిపోయాడు. "అదేం పని కెప్టెన్?"

"కొడుకుని మాట పడనివ్వకూడదని, కోడలి మీద పడేశాను." ఆయన, ఎవరికైనా వినబడలేదేమోనన్నట్టు మళ్లీ మొదటి నుంచీ చెప్పాడు. రెండోసారి చెప్పమని ఎవరూ అడగలేదు.

ఈ మాట వింటే గుండె తేలికవుతుందని ఆమె అనుకుంది. తేలిక కాలేదు. న్యాయం ఆలస్యంగా వచ్చినప్పుడు సంతోషాన్ని వెంట తెచ్చుకోదు. కానీ ఆమె వెన్ను నిటారుగా అయింది, చేయి వెనక్కి తీసుకుంది.

"నాన్న చూశాడని నాకు తెలీదు వదినా," అన్నాడు చిన్నవాడు. "నువ్వు మర్చిపోయావనే అనుకున్నా. ఊరంతా చెప్పుకుంటూ తిరిగాను."

"నీకు తెలీదని నాకు తెలుసు. ఇప్పుడు తెలిసింది కదా. ఎవరు కట్టాలో నువ్వే తేల్చుకో."

వాడు పలక మీద కూర్చుని నడుము చుట్టూ పట్టీ బిగించుకున్నాడు. "నువ్వే," అన్నాడు. తర్వాత గట్టిగా, మెట్ల వైపు చూస్తూ, "మా వదినే కడుతుంది," అన్నాడు.

పెద్దవాడు లాగాడు. ఆమె జానెడు జానెడుగా వచ్చిన తాడును కొమ్ము చుట్టూ తిప్పి బిగిస్తూ వచ్చింది. చిన్నవాడి కాళ్లు తలల కన్నా పైకి, దూలం కన్నా పైకి వెళ్లాయి. కొన చేరగానే చాలన్నాడు. ఆమె ఎనిమిది అంకెలు చుట్టింది, చివరి చుట్టును మెలివేసింది, ఒకసారి లాగి చూసుకుంది. పెద్దవాడు చేతులు వదిలాడు. ఇప్పుడు చిన్నవాడి బరువంతా ఆ కొమ్ముల మీదే ఉంది.

వాడు పాత కప్పీ విప్పుతుండగా మోటారు బోటు ఒకటి రేవులోకి వేగంగా వచ్చింది. దాని అల తగిలి పడవ ఒరిగింది. కింద బెత్తెడు కదిలితే పైన బారెడు ఊగుతుంది. స్తంభం కొన ఆకాశంలో బలంగా ఊగింది, చిన్నవాడు విసురుగా దానికి కొట్టుకున్నాడు. చేతిలోని రెంచి జారి, డెక్కు అంచుకు తగిలి నీళ్లలో పడింది.

"వదినా!"

తాడు కిర్రుమంది. ఆమె అరచేయి చుట్ల మీద ఉంది. అరచేతి కింద ఏదీ కదలలేదు.

"ఇక్కడ పట్టుకునే ఉంది," అని ఆమె పైకి చూసి అరిచింది. "నువ్వు స్తంభాన్ని కావలించుకో. అల పోతోంది."

ఆ కంగారులో కెప్టెన్ మెట్లు దిగి, డెక్కు మీదికి వచ్చి, సరిగ్గా కొడుకు కింద నిలబడ్డాడు. ఒంటిచేయి పైకి చాచాడు, పడితే పట్టుకోగలిగినవాడిలాగా.

"మామయ్యా, కింద నిలబడకండి," అంది ఆమె. "ఇటు రండి. ఇంకా ఇటు."

ఆ పడవ మీద ఆయనకు ఎవరూ ఏనాడూ అలా చెప్పలేదు. ఆయన ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత ఆమె చూపించిన చోటికి వెళ్లి, రేవు వాళ్లంతా చూస్తుండగా, అక్కడే నిలబడ్డాడు.

పడవ ఊగడం నెమ్మదించింది. పై నుంచి చిన్నవాడి గొంతు వినబడింది.

"వదినా, ఇంకో రెంచి పంపు. పాత కప్పీ సగమే ఊడింది."